పడమటి కిటికీకి రెండు పొరల తెర

రోహిణి కార్తె దగ్గరపడే కొద్దీ ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలన్నీ కిటికీల చుట్టూనే తిరుగుతాయి. ఈ నెల చెన్నై పాఠకులు అడిగినవి దాదాపు అన్నీ లైనింగు వేసిన కర్టెన్ల గురించే కావడంతో, మిగతా కుట్టుపని ప్రశ్నలను వచ్చే నెలకు వాయిదా వేసి వీటికే జవాబులు రాస్తున్నాను. మా అమ్మ తరం వారు లైనింగును అస్తరు అనేవారు. ఆ మాట నాకు ఇష్టమే గానీ, ఇక్కడి దుకాణంలో అస్తరు అని అడిగితే కుర్రవాళ్ళు తెల్లబోతారు కనుక లైనింగు అనే రాస్తాను.

ప్రశ్న: మా ఇల్లు అన్నానగర్‌లో మూడో అంతస్తు. హాల్లో పడమటి వైపు 4 అడుగుల వెడల్పు, 5 అడుగుల ఎత్తు ఉన్న కిటికీ ఉంది. రింగుల కర్టెన్లు లైనింగుతో నేనే కుట్టాలనుకుంటున్నాను. గుడ్డ 3 మీటర్లు చాలని ఒక దుకాణంలో, 6 మీటర్లు కావాలని మరో దుకాణంలో చెప్పారు. ఎవరి మాట వినాలి? లైనింగు వేస్తే నిజంగా వేడి తగ్గుతుందా?

జవాబు: ముందు వేడి సంగతి. పడమటి కిటికీకి పైన సన్‌షేడు ఉన్నా, మధ్యాహ్నం మూడు దాటాక ఎండ ఏటవాలుగా దాని కింది నుంచి దూరి వస్తుంది. ఒకసారి గాజు దాటి లోపలికి వచ్చిన ఎండను ఏ తెరా పూర్తిగా వెనక్కి పంపలేదు. కిటికీ బయట కట్టిన వట్టివేళ్ళ తడిక చేసే పనిని లోపలి కర్టెను నుంచి ఆశించకండి. అయితే తెల్లని లేదా మీగడ రంగు లైనింగు ఆ వెలుగులో కొంత గాజు వైపే తిప్పికొడుతుంది కనుక, ఒంటి పొర ముదురు రంగు తెర కన్నా గది తప్పకుండా నయంగా ఉంటుంది. లైనింగు ముఖ్యంగా కాపాడేది పైగుడ్డను. పడమటి ఎండ సూటిగా తగిలే ముదురు రంగు కాటన్ తెర కుచ్చు మడతల వెంట చారలు చారలుగా వెలిసిపోతుంది, తరువాత పోగు బలం తగ్గి చీరుకుపోతుంది. ఆ దెబ్బ లైనింగు తింటే పైగుడ్డ చాలాకాలం నిలుస్తుంది. ఉత్తరం కిటికీలు ఉన్నవారు కూడా ధీమాగా ఉండనక్కరలేదు: ఏప్రిల్ చివరి వారం నుంచి ఆగస్టు నడిమి వరకు మధ్యాహ్న సూర్యుడు చెన్నైకి ఉత్తరంగానే ఉంటాడు.

ఇక లెక్క. గుడ్డ కొనే ముందు రాడ్డు ఎక్కడ వస్తుందో గోడ మీద పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే కొలవవలసింది కిటికీని కాదు, రాడ్డును. చట్రానికి రెండు వైపులా 6 అంగుళాల చొప్పున వదిలితే మీ రాడ్డు 60 అంగుళాలు అవుతుంది. చట్రానికి 5 అంగుళాల పైన రాడ్డు పెట్టి, కిటికీ గట్టు కన్నా 7 అంగుళాల కిందికి తెర దిగాలనుకుంటే, రాడ్డు పైభాగం నుంచి తెర అడుగు దాకా 72 అంగుళాలు వస్తుంది. రింగుల కర్టెనులో రాడ్డు గుడ్డకు బిగించిన రింగుల్లోంచి దూరుతుంది, తెర తల దాని కన్నా ఒకటిన్నర అంగుళం పైకి నిలుస్తుంది కనుక, పూర్తయిన తెర పొడవు 73.5 అంగుళాలు. అడుగున 4 అంగుళాల మడతను రెండుసార్లు వేయడానికి 8 అంగుళాలు, పైన బక్రం (తెర తల బిగువుగా నిలవడానికి లోపల పెట్టే గట్టి గుడ్డ పట్టీ) మీదికి మడిచేందుకు నాలుగున్నర అంగుళాలు కలిపితే, ఒక్కొక్క పైగుడ్డ ముక్క 86 అంగుళాలకు కత్తిరించాలి. లైనింగు అడుగు పైగుడ్డ అడుగు కన్నా ఒక అంగుళం ఎత్తులో ఆగాలి, దాని మడత 2 అంగుళాల చొప్పున రెండుసార్లు చాలు, పైన మడత అక్కరలేదు. కాబట్టి అది 76.5 అంగుళాలు.

కర్టెను గుడ్డలు ఎక్కువగా 48 లేదా 54 అంగుళాల పన్నాలో వస్తాయి. పైగుడ్డ 54, లైనింగు 48 దొరికితే మీ అదృష్టం, వెడల్పులో కోతే ఉండదు. రెండింటికీ ఇరువైపులా ఉన్న బిగుతు అంచును అర అంగుళం చొప్పున తీసివేయండి. అది మిగతా గుడ్డతో పాటు సాగదు, ఉతికాక కుట్టును లాగేస్తుంది. మిగిలిన 53, 47 అంగుళాల మధ్య ఉన్న 6 అంగుళాల తేడాలోనే ఈ పని కిటుకంతా ఉంది. రెండు గుడ్డల పక్క అంచులను కలిపి అర అంగుళం లోపలగా కుట్టి తిరగేస్తే, వెడల్పు ఎక్కువైన పైగుడ్డ తనంతట తానే రెండు వైపులా ఒకటిన్నర అంగుళం చొప్పున వెనక్కి తిరుగుతుంది, ముందు నుంచి చూస్తే లైనింగు అంచు కనిపించదు. పూర్తయిన వెడల్పు 49 అంగుళాలు. రెండు తెరలూ కలిపితే 98, అంటే రాడ్డుకు ఒకటిన్నర రెట్ల పైచిలుకు, రింగుల కర్టెనుకు సరిపోయే కుచ్చు.

ఇప్పుడు దుకాణం వారి మాటకు వద్దాం. రెండు తెరలకు 172 అంగుళాల పైగుడ్డ, 153 అంగుళాల లైనింగు కావాలి. ఉతకని కాటన్ గుడ్డ మొదటి ఉతుకులో నూటికి మూడు నుంచి ఐదు పాళ్ళ దాకా కుంచించుకుపోవడం మామూలు కనుక ఆ మేర కలుపుకొని పైగుడ్డ 4.75 మీటర్లు, లైనింగు 4.25 మీటర్లు కొనండి. పైగుడ్డ మీద పెద్ద పూల అచ్చు ఉంటే ఒక పువ్వు నుంచి మళ్ళీ అదే పువ్వు వరకు ఎంత దూరమో కొలవండి. అది 24 అంగుళాలైతే, రెండు తెరల మీదా పూలు ఒకే ఎత్తున రావడానికి ఒక్కో ముక్కకు 86 బదులు నాలుగు పూల దూరం, అంటే 96 అంగుళాలు పోతుంది, మొత్తం 5 మీటర్లు. 3 మీటర్లన్నవారు మడతలను లెక్క వేయలేదు. 6 మీటర్లన్నవారు గుడ్డ తాను త్వరగా ఖాళీ అవ్వాలనుకున్నారేమో, నేను చెప్పలేను. జార్జిటౌన్ గోడౌన్ వీధి దాకా వెళ్ళే ఓపిక ఉంటే, పైగుడ్డ తీసుకున్న దుకాణంలోనే లైనింగు కూడా తీసుకోవాలన్న నియమం పెట్టుకోకండి. దగ్గరగా నేసిన తెల్ల పాప్లిన్ కన్నా ఎక్కువ ధర లైనింగుకు పెట్టడం నాకు ఇష్టం ఉండదు.

ప్రశ్న: నా దగ్గర పాత తొక్కుడు మిషను ఉంది. రెండు పొరలు, బక్రం దానితో కుట్టగలనా? ఏది ముందు, ఏది తరువాత కుట్టాలి? (పాఠకురాలు, అంబత్తూరు)

జవాబు: నిక్షేపంగా కుట్టగలరు. ఆ నల్ల మిషన్ల బలం కొత్తవాటిలో చాలావాటికి లేదు. మధ్యరకం గుడ్డకు 14, దళసరి గుడ్డకు 16 నంబరు కొత్త సూది వేయండి, అంగుళానికి ఎనిమిది కుట్లు పడేలా కుట్టు పొడవు పెంచండి, పైదారం బిగువు కాస్త వదలండి. ఎండలో నిలిచే తెరకు కాటన్ దారం కన్నా పాలియెస్టర్ దారం మేలు.

కత్తిరింపు సరిగ్గా లేకపోతే తరువాత ఎంత జాగ్రత్తగా కుట్టినా తెర ఒక వైపుకు ఈడుస్తుంది. మామూలు నేత గుడ్డలో ఒక పేక పోగును పట్టి లాగితే గుడ్డ అడ్డంగా సన్నని గీత పడుతుంది, దాని వెంట కత్తిరించండి. పోగు లాగడానికి రాని దళసరి గుడ్డ అయితే హాలు నేల మీద పరచండి. రెండడుగుల పలకలు పరచిన నేల ఉంటే ఆ అతుకుల గీతల కన్నా మంచి మూలమట్టం ఇంట్లో దొరకదు. నేను ఇప్పటికీ కర్టెన్లను బల్ల మీద కత్తిరించను.

కుట్టే వరుస ఇది. మొదట పైగుడ్డ అడుగు మడత, లైనింగు అడుగు మడత వేటికవి పూర్తి చేసి ఇస్త్రీ చేయండి. తరువాత రెండు గుడ్డల పైవైపులు ఎదురెదురుగా ఉండేలా పరచి, లైనింగు అడుగు ఒక అంగుళం ఎత్తున ఉండేట్టు చూసుకొని, ఒక పక్క అంచును పిన్నులతో కలిపి కుట్టండి. రెండో పక్కను కలిపేటప్పుడు పైగుడ్డ వెడల్పుగా ఉండి మధ్యలో ఉబ్బుతుంది. కంగారుపడి దాన్ని కత్తిరించవద్దు, అది అలాగే ఉండాలి. రెండు పక్కలనూ అడుగు నుంచి పైకే కుట్టండి. మిషను పళ్ళు కింది గుడ్డను లాక్కుంటాయి, పాదం పై గుడ్డను వెనక్కి నెడుతుంది, దాంతో చివరకు వచ్చేసరికి రెండు పొరలూ పావో అరో అంగుళం ఎక్కువ తక్కువలు అవుతాయి. ఆ తేడా తల దగ్గర మిగిలితే బక్రం మడతలోకి పోతుంది, అడుగున మిగిలితే ఇంటికి వచ్చిన ప్రతివారికీ కనబడుతుంది.

తిరగేసి, రెండు పక్కలా ఒకటిన్నర అంగుళం పైగుడ్డ సమానంగా వెనక్కి వచ్చేలా ఇస్త్రీ చేశాక, లైనింగు పై అంచును తెర తల గీత దాకా తెచ్చి, దాని మీద 4 అంగుళాల బక్రం ఉంచి, పైన వదిలిన పైగుడ్డలో అర అంగుళం లోపలికి, మిగతాది బక్రం మీదికి మడిచి కుట్టేయండి. రింగులు ఎప్పుడూ సరిసంఖ్యలోనే ఉండాలి, అప్పుడే తెర రెండు చివర్లూ గోడ వైపు తిరుగుతాయి. 49 అంగుళాల తెరకు ఎనిమిది రింగులు: మొదటి దాని నడిబొడ్డు అంచు నుంచి ఒకటిముప్పావు అంగుళం దూరంలో, ఆపైన ఆరున్నర అంగుళాలకు ఒకటి వేస్తే లెక్క కచ్చితంగా కుదురుతుంది.

అడుగు మూలల్లో బరువు పెడితే తెర నిలువుగా దిగుతుంది. ఇనుప వాషర్లు తుప్పు మరక వేస్తాయి. పాత దళసరి ఐదు రూపాయల బిళ్ళలు డబ్బాలో ఏమైనా మిగిలి ఉంటే, ఒక్కొక్కటి 9 గ్రాముల బరువు, రాగి నికెల్ మిశ్రమం కాబట్టి తుప్పు పట్టవు. లైనింగు ముక్కతో చిన్న సంచి కుట్టి మడతలో దాచండి.

ప్రశ్న: పోయిన ఏడాది పాలియెస్టర్ గుడ్డకు కాటన్ లైనింగు వేసి, దిండు గలీబులా నాలుగు వైపులా మూసి కుట్టాను. ఒక్కసారి ఉతికేసరికి తెర అడుగు జోలెలా ఉబ్బింది, పక్కలు ముడతలు పడ్డాయి. మా అత్తగారు రోజూ దాన్నే చూస్తున్నారు. బాగుచేయవచ్చా? (పాఠకురాలు, పెరంబూరు)

జవాబు: చేయవచ్చు, కాకపోతే ఒక ఆదివారం పోతుంది. పాలియెస్టర్ నీళ్ళలో దాదాపు కుంచించుకుపోదు, ఉతకని కాటన్ కుంచించుకుపోతుంది, అదీ నిలువు పడుగు వెంట ఎక్కువగా. 84 అంగుళాల లైనింగు నూటికి నాలుగు పాళ్ళు తగ్గినా మూడు అంగుళాల పైన పోతుంది. మీరు అడుగును మూసి కుట్టడంతో, పొట్టిదైపోయిన లైనింగు పొడుగ్గా ఉన్న పైగుడ్డను పైకి లాగి పట్టుకుంది. రెండు వేరు వేరు గుణాల గుడ్డలను తల దగ్గర, పక్కలకు కలపక తప్పదు. అడుగున మాత్రం దేని మడత దానిదిగా వదిలేయాలని నేను ప్రతి జవాబులోనూ చెప్పేది ఇందుకే.

అడుగు కుట్టు, రెండు పక్కల కుట్లు విప్పండి. తల కుట్టును, రింగులను ముట్టుకోకండి. లైనింగు వేలాడుతుండగానే తెరను ఇంకోసారి నానబెట్టి ఆరేయండి, ఎందుకంటే కాటన్ మొదటి ఉతుకులోనే తగ్గవలసినంతా తగ్గిందని నమ్మలేము. ఆరాక లైనింగును ఇస్త్రీ చేసి, అదే రకం గుడ్డ నుంచి 8 అంగుళాల పట్టీని ముందే ఉతికి లైనింగు అడుగున అతికి, అవసరమైన పొడవుకు మడవండి. అతుకు వెనకవైపు గట్టు కిందికి పోతుంది కనుక ఎవరి కంటా పడదు. ఆ తరువాత పైగుడ్డను ఏ మాత్రం లాగకుండా పక్కలను తిరిగి కుట్టి, అడుగు మూలల్లో మాత్రం పైగుడ్డ మడతకు నాలుగు చేతికుట్లు వేసి ఆపండి.

ఇకపై కొన్న గుడ్డ ఏదైనా, గంజి పెట్టిన కోరా గుడ్డ అయితే మరీ ముఖ్యంగా, కత్తిరించే ముందు ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పట్టే వానల్లో మాత్రం ఈ పని పెట్టుకోకండి. పది మీటర్ల గుడ్డ మూడు రోజులైనా ఆరక బూజు వాసన కొడుతుంది.

ప్రశ్న: అద్దె ఇల్లు. గోడకు డ్రిల్లు వేయకూడదని ఇంటివారి షరతు. స్ప్రింగు రాడ్డుకు లైనింగు కర్టెన్లు తగిలించవచ్చా? (పాఠకుడు, వేళచ్చేరి)

జవాబు: తలుపు ఎత్తు తెర అయితే వద్దు. పైగుడ్డ చదరపు మీటరుకు 250 గ్రాములు, లైనింగు 120 గ్రాములు ఉందనుకుంటే ఏడడుగుల తెర ఒక్కటీ కిలో పైన తూగుతుంది, జతకు రెండున్నర కిలోల దరిదాపు, దానికి తోడు రోజుకు నాలుగుసార్లు లాగడం. రాత్రిపూట రాడ్డు ఊడి పడిన చప్పుడుకు ఇంటివారే ముందు లేస్తారు. పొట్టి కిటికీకి, గోడల మధ్య దూరం 4 అడుగుల లోపు ఉంటే, పల్చని పైగుడ్డకు పాప్లిన్ లైనింగు వేసి ప్రయత్నించవచ్చు. లేదా పాత అద్దెదారుల మేకుల రంధ్రాలు ఎక్కడున్నాయో చూసి, వాటినే వాడుకుంటామని ఇంటివారిని మర్యాదగా అడగండి.

ప్రశ్న: మా అత్తగారు తన పట్టుచీర ఇచ్చి, మీ కొత్త ఇంటి హాలుకు తెరలు కుట్టించుకో అన్నారు. ఆరు గజాల చీర. కత్తెర పెట్టాలంటే చేయి రావడం లేదు. (పాఠకురాలు, మైలాపూరు)

జవాబు: చేయి రాకపోవడం మంచి లక్షణమే. ముందు చీరను పూర్తిగా విప్పి కిటికీ వెలుగుకు అడ్డంగా పట్టుకొని చూడండి. ఏళ్ళ తరబడి ఒకే మడతలో బీరువాలో ఉన్న పట్టు ఆ మడత గీతల వెంటే చిరుగుతుంది. వెలుగులో ఆ గీతలు పల్చగా కనబడితే అది తెర బరువు మోయలేదు, అత్తగారికి ఆ సంగతి చెప్పి దిండు గలీబులకు దింపండి. ఎండ పట్టుకు కాటన్ కన్నా పెద్ద శత్రువు కనుక పడమటి కిటికీకి అసలే వద్దు, తూర్పు కిటికీకైనా లైనింగు లేకుండా వద్దు.

చీర బాగుంటే 5.5 మీటర్లలో, అంటే సుమారు 216 అంగుళాలలో, 84 అంగుళాల ముక్కలు రెండు పోగా 48 అంగుళాలు మిగులుతుంది. పైట చెంగు ఒక్క చివరే ఉంటుంది కాబట్టి దాన్ని ఆ మిగులులోకి తీసుకుంటే రెండు తెరలూ ఒకేలా ఉంటాయి, చెంగు చెక్కుచెదరకుండా మీ దగ్గర ఉంటుంది. చీర అంచులు తెరకు రెండు పక్కలా నిలువుగా వస్తాయి. ఇక్కడ నేను పైన చెప్పిన ఆరంగుళాల తేడా పద్ధతి పనికిరాదు, జరీ అంచు సగం వెనక్కి తిరిగిపోతుంది. అదీగాక పట్టును డ్రైక్లీనింగుకు ఇవ్వాలి, లైనింగును ఇంట్లో ఉతకాలి. అందుకని రెండింటినీ విడివిడిగా కుట్టి, దేనికి దాని కర్టెను టేపు (కొక్కేలు దూర్చే పట్టీ) వేసి, రెండు టేపులనూ ఒకే కొక్కేలకు తగిలించండి. రింగుల కోసం చీరకు రంధ్రాలు పడవు, పది ఏళ్ళ తరువాత మనసు మారితే టేపు విప్పితే సరిపోతుంది. కత్తెర పడేది మాత్రం రెండే చోట్ల.

ప్రశ్న: పెడన నుంచి తెచ్చుకున్న కలంకారీ గుడ్డ ఉంది. రంగు దిగి తెల్ల లైనింగుకు అంటుకుంటుందని భయం. ఉప్పు నీళ్ళలో నానబెడితే నిలుస్తుందంటారు, నిజమేనా? (పాఠకుడు, విల్లివాక్కం)

జవాబు: ఉప్పు మాట నేను నమ్మను. అద్దకం అయిపోయిన గుడ్డలో ఉప్పు రంగును పట్టి ఉంచదు, వదులుగా ఉన్న రంగు పోవాలంటే అది పోయేదాకా చల్లటి నీళ్ళలో వేరుగా జాడించడమే మార్గం. తెల్ల చేతిరుమాలును తడిపి గుడ్డ మూల మీద గట్టిగా రుద్దండి. రుమాలుకు రంగు అంటకుండా ఉన్న రోజున లైనింగు కలపండి. మీ గుడ్డకు నిజమైన చెట్టు రంగులే వాడి ఉంటే, ఎండకు పసుపు ముందుగా వెలుస్తుంది, పచ్చ ఆకులు నీలిగా మారుతాయి. ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీటితో, కరక్కాయతో వచ్చే నలుపు రంగు వెలవదు గానీ, కాలం గడిచే కొద్దీ ఆ గీతల దగ్గరే నూలు బలం తగ్గుతుంది. కనుక ఈ గుడ్డకు లైనింగు విషయంలో పొదుపు చేయకండి. బందరు అద్దకాలు పడక తెరలుగా ఒకప్పుడు ఐరోపా ఇళ్ళలో వేలాడినవే. ఇంగ్లండులో అక్కడి నేతవారు గోలపెట్టగా అద్దకపు నూలు గుడ్డలను ఒంటి మీదా ఇంట్లోనూ వాడరాదని 1721లో చట్టమే చేశారు, 1774 దాకా అది ఎత్తివేయలేదు. అంత చలి దేశంలో ఎండ బెడద తక్కువ. మీది విల్లివాక్కం.

ప్రశ్న: రాత్రి షిఫ్టు చేసి పగలు పడుకుంటాను. బ్లాకవుట్ లైనింగు (వెలుగును ఆపే పూత గుడ్డ) వేసి కుట్టినా గదిలో వెలుగు వస్తూనే ఉంది. గుడ్డ మోసమా? (పాఠకుడు, తరమణి)

జవాబు: గుడ్డ మీద అనుమానం తరువాత, ముందు అంచులు చూడండి. పగటి వెలుగు ఎక్కువగా వచ్చేది రాడ్డు పై సందు నుంచి, గోడకూ తెర పక్కకూ మధ్య ఖాళీ నుంచి. రాడ్డును పైకి, పక్కలకు మరో నాలుగు అంగుళాలు జరిపి, తెర చివరి అంచును వెల్క్రో పట్టీతో గోడకు అంటించండి. రింగుల తలకు బదులు టేపు, కొక్కేలు వాడితే పై సందు తగ్గుతుంది. నక్షత్రాల్లా మెరిసే చుక్కలు కనిపిస్తున్నాయంటే అవి పిన్నులు గుచ్చిన గుర్తులు. పూత వేసిన ఈ గుడ్డలో ఒకసారి పడిన రంధ్రం పూడదు. ఈసారి పిన్నులకు బదులు బట్టల క్లిప్పులు పెట్టండి, పూత వైపున ఇస్త్రీపెట్టె ఆనించకండి.

ప్రశ్న: మేము సముద్రానికి రెండు వీధుల దూరంలో ఉంటాం. రింగులు ఏడాదికే తుప్పు పట్టి కర్టెన్ల మీద మరకలు పడుతున్నాయి. (పాఠకురాలు, తిరువాన్మియూరు)

జవాబు: ఉప్పుగాలికి పూత వేసిన ఇనుప రింగులు ఆగవు. ప్లాస్టిక్ రింగులు వేయండి, అవి రెండు సగాలుగా నొక్కితే బిగిసేవి కనుక సుత్తి కూడా అక్కరలేదు. కొనేటప్పుడు మీ రాడ్డు ముక్కనో, దాని చుట్టుకొలత తీసిన దారాన్నో వెంట తీసుకెళ్ళండి. పడిన మరకల మీద నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో ఒక గంట ఉంచి బాగా జాడించండి, అయితే అది తెల్ల లైనింగు మీద మాత్రమే. రంగు పైగుడ్డ మీద రాస్తే మరకతో పాటు రంగూ పోతుంది.